గడియారం చుట్టుకొలత

ఈ దేశంలో ఏ వస్తువుకైనా విలువ తెలియాలంటే దాని మీది నుంచి ఒక రోడ్డు పోవాలి. అంతవరకు ఇల్లు ఇల్లే, చెట్టు చెట్టే. రోడ్డు వస్తుందని కబురు అందిన మరుక్షణం ఇల్లు చదరపు అడుగులవుతుంది, చింతచెట్టు ఘనపు మీటర్లవుతుంది, తాత సమాధి 'ఇతరములు' అవుతుంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నార్కట్‌పల్లిలో మండలాఫీసు ఎదురుగా జిరాక్స్ సెంటర్ అరుగు మీద కూర్చొని ఇరవై రెండేళ్ళుగా జనానికి దరఖాస్తులు రాసిపెడుతున్నాను. నా చేతిరాత చదవలేక తిరస్కరించిన ఫైలు ఒక్కటంటే ఒక్కటి లేదు. (చదివి తిరస్కరించినవి ఉన్నాయి. అది వేరే సంగతి.)

2022 వేసవిలో హైవే పక్కన సర్వీసు రోడ్డును వెడల్పు చేస్తామని నోటీసులు వచ్చాయి. నలభై మూడు ఇళ్ళు పోతున్నాయి. అందులో బిక్షమ్మది ఒకటి. రెండు గదులు, ముందు రేకుల వసారా. ఆమె భర్త ఇస్రాయేలు ఒక మిషన్ దవాఖానలో చాలాకాలం వార్డు బాయ్‌గా చేశాడు. ఆ దవాఖానను నడిపిన దొరసాని డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ పనివాళ్ళకు తలా ఒక వస్తువు ఇచ్చింది. ఒకరికి కుర్చీ, ఒకరికి లాంతరు, ఇస్రాయేలుకు బల్ల మీద పెట్టుకునే గంటల గడియారం. అక్రోటు కర్ర పెట్టె, పింగాణీ ముఖం, చావి ఇవ్వడానికి రెండు రంధ్రాలు, వెనక తలుపుకు లోపలివైపు 1911 అని అచ్చేసిన కాగితం. ఎంతయితే అన్ని గంటలు కొడుతుంది, అరగంటకు ఒకటి కొడుతుంది.

హైవే మీద సిమెంటు లారీలు పోతుంటే ఇల్లు వణికేది. ఇల్లు వణికితే లోపల ఊగే బిళ్ళ లయ తప్పి గడియారం ఆగిపోయేది. ఇస్రాయేలు దాని కింద అట్టముక్కలు పెట్టి చూశాడు. రబ్బరు చెప్పు కోసి పెట్టి చూశాడు. చివరికి ఒకనాడు గోడ గూట్లో మట్టం సరిచూసి, దాని నాలుగు పొట్టి కాళ్ళనూ సిమెంటులో దించేశాడు. ఆ తర్వాత అది ఆగలేదు. ఇస్రాయేలు పోయి తొమ్మిదేళ్ళయింది, అప్పుడు కూడా ఆగలేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే బిక్షమ్మ తడుముకుంటూ చావి ఇస్తుంది. తడుముకుంటూ ఎందుకంటే, షుగరు వల్ల ఆమెకు చూపు పోయి ఆరేళ్ళు దాటింది. కొడుకు డానియల్ సర్కారు దవాఖానలో కాంట్రాక్టు మీద లాబ్ టెక్నీషియను. పొద్దున పోతే పొద్దుగూకి వస్తాడు. పగలంతా ఆ ఇంట్లో ఆమె, గడియారం. ఎనిమిది కొడితే గోలీ, ఒంటిగంట కొడితే అన్నం, ఆరు కొడితే కొడుకు. నడుమనడుమ గడియారం అద్దం తలుపు తెరిచి ముల్లు ఎక్కడుందో వేలితో చూసుకుంటుంది. ఆమెకు పగలు, రాత్రి అనేవి గడియారం చెబితేనే ఉన్నాయి.

ఇంటి కొలతలకు వచ్చిన ఇంజనీరు పేరు సురేశ్. రోడ్డు విస్తరణ ఆస్తుల మదింపు విభాగం వాడు. మంచివాడే. చేతిలో ట్యాబు ఉంది, అదొక్కటే అతని లోపం.

"గిది పీకితే వస్తదా అవ్వా?" అని గడియారాన్ని ఊపి చూశాడు.

"రాదు సారు. మా ఆయన సిమెంటు పెట్టిండు," అంది బిక్షమ్మ, కాస్త గొప్పగానే.

ఆ గొప్పకు పోకుండా ఉండవలసింది. మదింపు నియమావళి ప్రకారం పీకితే వచ్చేది సామాను, రానిది కట్టడం. సామానును యజమాని తీసుకుపోవచ్చు. కట్టడంలోని ప్రతి ముక్కా కూల్చివేత టెండరు దక్కించుకున్న కాంట్రాక్టరుకు చెందుతుంది. సురేశ్ ఎర్ర రంగుతో గడియారం పక్క గోడ మీద 14/క అని నంబరు వేసి, ఫోటో తీసి, తయారైన సంవత్సరం 1911 అని ఎక్కించేశాడు. అలా బిక్షమ్మ గడియారం ఒక కిటికీకి తమ్ముడు, ఒక గడపకు అన్న అయింది.

అసలు చిక్కు ఆ సాయంత్రం బయటపడింది. ట్యాబులోని యాప్ కట్టడం వయసును అందులోని అతి పాత భాగాన్ని బట్టి లెక్క వేస్తుంది. (దీన్ని తయారుచేసినవారికి ఉత్తమ ఆవిష్కరణ బహుమతి వచ్చిందని సురేశ్ చెప్పాడు.) గడియారం 1911ది కాబట్టి, 1994లో హౌసింగ్ లోను మీద కట్టిన రెండు గదుల ఇల్లు ఒక్క నిమిషంలో నూట పదకొండేళ్ళదయిపోయింది. తరుగుదల ఏడాదికి నూటికి ఒకటి. నూట పదకొండేళ్ళకు నూటికి నూట పదకొండు. అంటే ఇల్లు పోగొట్టుకుంటున్నందుకు బిక్షమ్మే ఎదురు డబ్బు కట్టాలి. అంత మాట పైకి అనడానికి యాప్‌కు కూడా మనసొప్పలేదేమో, తెర మీద చక్రం తిప్పుతూ ఉండిపోయింది. దాని వెనక మరో ఇరవై ఏడు ఇళ్ళు వరుసలో నిలబడ్డాయి.

మర్నాడు పొద్దున్నే సురేశ్, డానియల్ ఇద్దరూ నా అరుగు మీదికి వచ్చారు.

"గోపీకృష్ణ సారు, నా ఇరవై ఏడిండ్లు గా గడియారం కాడ్నే ఆగినయ్. జర ఏదన్న తొవ్వ చూపెట్టు," అన్నాడు సురేశ్.

"తొవ్వ ఏంది సారు, గడ్డపారతోని ఒక్క పోటు పొడిస్తె ఊడొస్తది. అమ్మకు ఇస్తె అయిపాయె," అన్నాడు డానియల్.

నేనే వద్దన్నాను. నంబరు పడిన వస్తువును పీకితే ప్రభుత్వ స్వాధీనంలోని కట్టడానికి నష్టం కలిగించినట్టు. కేసవుతుంది. కేసున్నవాడికి కాంట్రాక్టు పొడిగించరు. అన్నీ పద్ధతి ప్రకారమే పోవాలని చెప్పాను. ఇరవై రెండేళ్ళ అనుభవం మరి, ఊరికే పోతుందా.

మొదటి పద్ధతి నాకు వెంటనే తట్టింది. వందేళ్ళు దాటిన గడియారం కాబట్టి అది పురాతన వస్తువు. పురాతన వస్తువు గోడకున్నా, నేల కిందున్నా అది కట్టడం కాదు, దాన్ని జాగ్రత్తగా వేరుచేయవలసిందే. హైదరాబాదులో ప్రాచీన వస్తు నిర్ధారణ మండలి అని ఒకటుంది. స్థితి ఎలా ఉంది, విలువ ఎంత అని వాళ్ళు రాసిస్తే చాలు. దరఖాస్తులో నేను మొదటి వాక్యమే గట్టిగా రాశాను: 'చూపులేని దరఖాస్తుదారుకు సమయం తెలుసుకొనుటకు సదరు గడియారము అత్యవసరము.' పదకొండు రోజులకు మండలి సభ్యుడు రిత్విక్ వీడియో కాల్‌లోకి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, పాత వస్తువుల మీద పెద్ద చదువు చదివాడట. నేను ఫోను పట్టుకొని గడియారానికి అన్ని వైపులా తిప్పి చూపించాను.

"ముందు గాజు అసలుదేనా అమ్మా?" అని అడిగాడు.

"పగిలిపోతె కిటికి అద్దం కోసి పెట్టిండు సారు."

"నిమిషాల ముల్లు?"

"అది విరిగితె సైకిల్ పుల్ల పెట్టిండు. మంచిగ తిరుగుతది."

"లోపల ఏం నూనె వేస్తారు?"

"ఆముదం. అంగడిది కాదు, మా చెల్లె చేన్లదే. ఈక ముంచి రాస్త."

రిత్విక్ కళ్ళు మూసుకున్నాడు. అయినవాళ్ళు పోయారని విన్నవాడిలా కొంచెంసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఆఖరి ప్రశ్న అడిగాడు. "ఇప్పుడు నడుస్తోందా?"

"దేవుని దయవల్ల నిమిషం తప్పకుండ నడుస్తాంది."

అక్కడితో అయిపోయింది. వారం తర్వాత నివేదిక వచ్చింది. 'పురాతన వస్తువు అనగా వాడుకలో లేనిది. ఈ వస్తువు వాడుకలో ఉన్నది. యజమానులు పలుమార్లు బాగుచేసినందువల్ల బాగా పాడైనది. స్థితి: నడుచుచున్నది. విలువ: లేదు. గడియారం ఆగిపోయిన పక్షంలో తిరిగి దరఖాస్తు చేసుకొనవచ్చును.' కింద ముద్ర, సంతకం. నివేదిక బాగుందా లేదా అంటూ ఐదు నక్షత్రాల ప్రశ్న కూడా పంపారు.

నివేదిక చదివి వినిపిస్తే బిక్షమ్మ లేచి గూటి దగ్గరికి పోయి గడియారం మీద చేయి వేసింది. సురేశ్ ఆమెను సముదాయించబోయాడు. "ఫోన్ల టైమ్ చెప్పేది వచ్చింది అవ్వా. వేలు పెట్టి నొక్కితె చెప్తది. గీ పాతదాని కోసం ఎందుకు ఇంత రంది?"

"నొక్కితె చెప్తది బిడ్డా. నేను నొక్కకపోతె? ఇది నేను అడగకుంటనే చెప్తది. నేనొక్కదాన్నే కూసున్ననని దానికి ఎరుక," అంది.

సురేశ్ ట్యాబును సంచిలో పెట్టుకున్నాడు. ఆ మాట నివేదిక మీద అప్పీలులో రాద్దామనుకున్నాను గాని, అప్పీలు పత్రంలో కారణాల కింద ఆరే ఆరు ఎంపికలు ఉన్నాయి, అందులో అది లేదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను. దాచి లాభం లేదు. నియమావళి పుస్తకాన్ని ఆ రాత్రి మొదటి పేజీ నుంచి చదివాను. రోడ్డుకు పోయే జాగాలో ఉండేవి నాలుగే రకాలట: కట్టడం, బావి, సమాధి, చెట్టు. ఐదోది ఈ భూమ్మీద లేదు. కట్టడమైతే కాంట్రాక్టరుకు పోతుంది. బావిని ఎవరూ ఎత్తుకుపోలేరు. సమాధిని తరలించవచ్చు గాని లోపల ఎవరున్నారో పేరు రాయాలి. చెట్టు దగ్గర మాత్రం చల్లని మాట ఒకటి ఉంది: 'మొదలు దగ్గర కోసిన పిమ్మట కలపను యజమానికి అప్పగించవలెను.' గడియారాన్ని చెట్టని రాస్తే, మొదలు దగ్గర కోయాలి. మొదలంటే సిమెంటులో దిగిన కాళ్ళు. కాళ్ళు కోస్తే గడియారం దానంతటదే చేతికి వస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. సురేశ్‌కు చెబితే నా చేతులు పట్టుకొని ఊపాడు. ట్యాబులో కట్టడం తీసేసి చెట్టు అని మార్చగానే అతని ఇరవై ఏడు ఇళ్ళూ కదిలాయి.

చెట్ల మదింపు విభాగం నుంచి శైలజ మేడం వచ్చింది. టేపు తెచ్చింది. గడియారం ముందు నిలబడి ఒకసారి నన్ను చూసింది, ఒకసారి దాన్ని చూసింది, టేపు విప్పింది. ఆమె చేతిలోనూ ట్యాబే ఉంది. చుట్టుకొలత నాలుగడుగులు, ఎత్తు పదకొండు అంగుళాలు అని రాయగానే యాప్ దాన్ని 'మోడు' అని గుర్తించింది. జాతి దగ్గర అక్రోటు దొరకలేదు (మన జిల్లాలో కాయదు), అందుకని 'ఇతర అడవి జాతులు' అని పెట్టింది. వయసు నూట పదకొండు. నీటి వసతి అన్నచోట ఆముదం అని రాద్దామా అని నేను అడిగితే, వర్షాధారం అని రాసుకుంది.

"కాపు ఎంత?" అని అడిగింది.

"మోడుకు కాపేంది మేడం?" అన్నాను.

"ఖాళీ పెడితె ముందుకు పోనిస్తలేదు సార్. ఏదన్న నంబరు చెప్పుండ్రి."

రోజుకు నూట ఎనభై గంటలు కొడుతుందని బిక్షమ్మ వసారాలో నుంచే చెప్పింది. నిద్ర పట్టని రోజు మొత్తం లెక్కపెట్టిందట. శైలజ దాన్ని మూడు వందల అరవై ఐదుతో గుణించి, ఏడాదికి అరవై ఐదు వేల ఏడు వందల కాయలు అని ఎక్కించింది. మా మండలంలో అంతటి కాపున్న మోడు మరొకటి లేదని యాప్ ఆకుపచ్చ రంగులో చూపించింది. కోత ఉత్తర్వు అరగంటలో వచ్చింది. బిక్షమ్మ ఆ సాయంత్రం పెసర గుడాలు ఉడికించి డానియల్‌తో మా ఇంటికి పంపింది. నేను తిన్నాను కూడా. ఆ రుచి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

కోత రోజు మంగళవారం. బుధవారం పొద్దున ఆ వరుస ఇళ్ళను కూల్చడానికి యంత్రం వస్తుంది. సామానంతా అంతకు ముందురోజే కిరాయి గదికి చేరింది. ఖాళీ ఇంట్లో గూట్లో గడియారం, కింద చాప మీద బిక్షమ్మ. శైలజ మేడం ముందటి ఫోటో తీసింది. కట్టె కోత మిషను నుంచి లచ్చయ్య రంపం, యాక్సా బ్లేడు పట్టుకొని వచ్చాడు. గడియారం పదకొండు కొట్టింది. బిక్షమ్మ పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. లచ్చయ్య కాళ్ళకూ సిమెంటుకూ మధ్య బ్లేడు పెట్టాడు. నాలుగు కాళ్ళూ వెన్నలా తెగాయి. పనివాడంటే అతనే. గడియారం లోపలి చప్పుడు ఒక్క క్షణం కూడా తప్పలేదు. అలా నడుస్తూనే అతని చేతుల్లోకి వచ్చింది. బిక్షమ్మ ఒడి పట్టింది.

"ఒక్క నిమిషం," అంది శైలజ. ట్యాబులో కొత్త పేజీ తెరుచుకుంది.

కోసిన కలప పొడవు అడుగు మించితే, దాన్ని గడప దాటించడానికి కలప రవాణా అనుమతి కావాలి. అనుమతికి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా కలప కోసినచోటనే ఉండాలి. కోసినచోటు రేపు ఉండదు. గడియారం వెడల్పు అడుగున్నర. అడుగులోపు ముక్కలుగా చేస్తే ఏ అనుమతీ అక్కర్లేదు, వెంటనే అప్పగించవచ్చు.

"లోపటి మిషను ఇప్పి పక్కకు పెడ్త మేడం. ఉత్త పెట్టెను కోస్త," అన్నాడు లచ్చయ్య.

శైలజ వెతికి చూసింది. కలప కానిది ఏదైనా కట్టడం కిందికే వస్తుందని ఉంది. మిషను విప్పితే అది కాంట్రాక్టరుది. విప్పకపోతే 'మేకులు దిగిన కలప' అనే పేరుతో యజమానిది. ఆమె పైఅధికారికి ఫోను చేసింది. "జర ఇనుండ్రి సార్, గడియారం సార్ అది, నడుస్తాంది సార్," అని రెండుసార్లు అంది. అవతలి నుంచి ఏమన్నారో మాకు వినపడలేదు. ఫోను పెట్టేసి, లచ్చయ్య వైపు చూడకుండా, "కొయ్యాలె," అంది.

"రెండు తునుకలైనంక నడుస్తదా బిడ్డా?" అని బిక్షమ్మ నన్ను అడిగింది. నడవదని చెప్పాను. ఇరవై రెండేళ్ళలో నేను చెప్పిన అతి చిన్న జవాబు అదే.

ఆమె పట్టిన ఒడిని వదిలేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "అయితె కొయ్యకుండ్రి మేడం. గా కంట్రాక్టరుకే ఇయ్యుండ్రి. నా కాడ లేకుంటె లేకపాయె. ఎవరింట్లనో ఒకలింట్ల మోగుతది."

శైలజ కళ్ళు తుడుచుకుంది. నేను చూశాను. తుడుచుకున్న చేతితోనే మళ్ళీ పేజీ కిందికి జరిపింది. కోత ఉత్తర్వు వచ్చాక యజమాని వద్దనడానికి వీల్లేదు. వద్దంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుండా వద్దంటే ఆటంకం కల్పించినట్టు. ఆటంకం కల్పించినవారి మొత్తం ఫైలు, ఇంటితో సహా, మొదటికి పోతుంది. ఆ రోజు సెలవు పెట్టి వచ్చిన డానియల్, తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు. బిక్షమ్మ కొడుకు చేయి తడిమి, "సరె బిడ్డా, కానియ్యమను," అంది.

"యాడికెల్లి కొయ్యాలె?" అని అడిగాడు లచ్చయ్య. సమానంగా వచ్చేలా అని చెప్పింది శైలజ. పన్నెండు నుంచి ఆరుకు గీత గీశారు. కర్ర తొందరగానే తెగింది. లోపలి ఇత్తడి దగ్గర రెండు బ్లేడులు విరిగాయి. చివర్లో చుట్టుకొని ఉన్న స్ప్రింగు విడిపోయి, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కొట్టుకొని పడింది. దాన్ని కూడా కలపలోనే లెక్కవేశారు. శైలజ మేడం తర్వాతి ఫోటో తీసింది.

రెండు ముక్కలనూ బిక్షమ్మ ఒడిలో పెట్టారు. ఆమె సగం ముఖం మీద వేలు పెట్టి ముల్లు కోసం వెతికింది. అది ఏ ముక్కతో వచ్చిందో, ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు. ఇక మిగిలింది రసీదు. రసీదు కాగితం మీదే ఇవ్వాలి, నింపేది నేనే. పేరు, ఆధార్, కలప తునకల సంఖ్య రెండు, స్థితి సంతృప్తికరం. ఆఖరిది, 'స్వీకరించిన సమయం (లబ్ధిదారు స్వయంగా చెప్పవలెను)'.

"అవ్వా, ఎంతైందని రాయాలె?" అని అడిగాను.

"పదకొండు," అంది బిక్షమ్మ. ఆమె విన్న ఆఖరి గంట అదే.

నా చేతి గడియారంలో పన్నెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువగా ఉంది. అయినా దరఖాస్తుదారు చెప్పిన మాటను మార్చి రాసే అలవాటు నాకు లేదు. పదకొండు అనే రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. మర్నాడు ఇల్లు పోయింది. రోడ్డు పని మొదలుకాలేదు, టెండరు మళ్ళీ పిలుస్తారట.

మూడు వారాల తర్వాత కిరాయి గదికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. డానియల్ దాన్ని నా అరుగు మీదికి తెచ్చాడు. నేను వాళ్ళింటికి వెళ్ళి బిక్షమ్మకు చదివి వినిపించాను. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. బయట పగలో రాత్రో నన్నే అడిగింది, పగలేనని చెప్పాను.

నోటీసులో మూడు అంశాలు ఉన్నాయి. ఒకటి, కోత అనంతర ఫోటో పదకొండు గంటల యాభై ఒక్క నిమిషాలకు తీసినట్టు నమోదై ఉండగా, కలపను పదకొండు గంటలకే ఎలా స్వీకరించారు. రెండు, ప్రభుత్వ పత్రంలో తప్పుడు సమయం చెప్పినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు. మూడు, ఇప్పుడు ఎంతైందో కూడా సరిగా చెప్పలేని వ్యక్తి, సదరు గడియారం తనకు అత్యవసరమని మొదటి దరఖాస్తులో ఏ ఆధారంతో పేర్కొన్నారో పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా వివరించాలి.